మానిన తరువాతి దినములు: అశ్లీల చిత్రాల వ్యసనము నుండి బయటపడుచున్నవారి బాధ, కాపరి బాధ్యత

సంఘములో ఒక యౌవనస్థుడు అశ్లీల చిత్రములు చూచే అలవాటును కాపరి యెదుట ఒప్పుకొని, ప్రార్థన చేయించుకొని, ఇక చూడనని తీర్మానించుకొని వెళ్ళిన తరువాత మనము సాధారణంగా ఊపిరి పీల్చుకుంటాము. పని ముగిసిందనుకుంటాము. పది దినములు గడిచేసరికి అతడు యూత్ మీటింగుకు రావడం మానేస్తాడు. దారిలో కనబడితే ముఖము చాటు చేస్తాడు. ఇంటికి వెళ్ళి విచారిస్తే తల్లి, "ఏమోనండి అయ్యగారూ, ఈ మధ్య వీడికి ప్రతిదానికీ కోపమే. రాత్రులు నిద్ర కూడా పోవట్లేదు" అంటుంది. అది విని, మళ్ళీ పడిపోయాడు కాబోలు అని మనము నిర్ణయించేసుకుంటాము. చాలాసార్లు అతడు పడిపోలేదు. మానివేసినందువల్లనే అతనికి ఆ స్థితి వచ్చింది.

ఈ వ్యాసములో మేము పరిశీలించదలచినది ఆ పది దినములను, వాటి తరువాత వచ్చే కొన్ని వారములను గూర్చి మాత్రమే. అశ్లీలత పాపమా కాదా అనే చర్చ ఈ పత్రిక పాఠకులకు అవసరము లేదు. దాని మీద ప్రసంగములు మన మధ్య కొరత లేకుండా ఉన్నాయి. అయితే ఆ ప్రసంగములు మనిషిని ఒప్పుకోలు వరకు తీసుకొనివెళ్ళి అక్కడ విడిచిపెడుతున్నాయి. మరుసటి సోమవారము నుండి అతని శరీరములోను మనస్సులోను ఏమి జరుగుతుందో అతనికి ఎవరూ చెప్పరు. ఎవరూ చెప్పలేదు గనుక, అది జరిగినప్పుడు దేవుడు తనను విడిచిపెట్టాడని అతడు అర్థము చేసుకుంటాడు. మా ఉద్దేశములో అత్యధికులు తిరిగి పాత అలవాటుకు వెళ్ళేది సుఖము కొరకు కాదు, ఈ తప్పు అర్థము వలన కలిగిన నిరాశతోనే.

బాధకు పేరు

వైద్యులు దీనిని విత్‌డ్రాయల్ అంటారు. దినపత్రికలలో "ఉపసంహరణ లక్షణాలు" అని వ్రాస్తారు గాని, ఆ మాట సంఘములో అంటే ఎవరికీ ఏమీ తెలియదు. "మానిన బాధ" అంటే అందరికీ తెలుస్తుంది. గ్రామ సంఘములలో పరిచర్య చేసినవారు సారా మానినవాని చేతుల వణుకును, చుట్ట మానిన పెద్దాయన చిరాకును చూచియే ఉంటారు. మానినవాడు మొదట బాగుపడినట్లు కనబడడు, పాడైనట్లే కనబడతాడు. ఈ సంగతి మన పెద్దలకు త్రాగుడు విషయములో తెలుసు. ఫోను విషయములో కూడా ఇది జరుగుతుందని మాత్రము తోచదు.

ఇక్కడ ఒక హెచ్చరిక చెప్పి ముందుకు సాగుదాము. బాగా త్రాగే అలవాటున్నవాడు ఒక్కసారిగా మానితే ఫిట్స్ రావచ్చును, మతిభ్రమణము కలుగవచ్చును, ప్రాణాపాయము కూడా ఉన్నది. అశ్లీల చిత్రములు మానినందువలన అటువంటి శారీరక అపాయము రాదు. అయితే సువార్త మహాసభలో చేయి ఎత్తినవాడు ఒకే రాత్రి త్రాగుడును, పొగను, ఫోనును మూడింటినీ మానేస్తాడు. అతడు ఏమేమి మానుతున్నాడో కాపరి అడిగి తెలుసుకోవాలి. త్రాగుడు అందులో ఉంటే ముందు డాక్టరు దగ్గరకు తీసుకొనివెళ్ళాలి, మిగతా మాటలు తరువాత.

మానిన బాధలో ఏమేమి ఉంటాయి? నిద్ర పట్టకపోవుట, చిన్నదానికే కోపము, మనస్సు నిలకడ లేకపోవుట, కారణము లేని దిగులు, చదువు మీద గాని పని మీద గాని మనస్సు నిలువకపోవుట, చూచిన దృశ్యములు పిలువకుండా కళ్ళ ముందుకు వచ్చుట, చూడాలనే కోరిక అకస్మాత్తుగా ఉప్పెనలాగా లేచుట. కొందరిలో దీనికి విరుద్ధముగా అన్నిటి మీద ఒక మొద్దుబారినతనము వస్తుంది. పాట రుచించదు, భోజనము రుచించదు, ప్రార్థనలో ఏమీ అనిపించదు. మా అనుభవములో విశ్వాసిని ఎక్కువగా భయపెట్టేది కోరిక కాదు, ఈ మొద్దుబారినతనమే. కోరిక వస్తే శోధన అంటాడు, దానికి అతని దగ్గర పేరు ఉంది. ప్రార్థనలో ఏమీ అనిపించకపోవడానికి అతని దగ్గర ఉన్న ఒకే పేరు "దేవుని సన్నిధి పోయింది" అన్నది.

వైద్యశాస్త్రము ఎంతవరకు చెప్పుచున్నది

ఈ విషయములో పండితుల మధ్య ఏకాభిప్రాయము లేదని కాపరులు తెలుసుకొనుట మంచిది. వేదికల మీద వినబడే మాటలకును పరిశోధనకును దూరము చాలా ఉంది. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లో ఆమోదించి, 2022 జనవరి 1 నుండి అమలులోనికి తెచ్చిన రోగముల వర్గీకరణ ఐ.సి.డి.-11లో అదుపు తప్పిన లైంగిక ప్రవర్తనకు ఒక స్థానము ఇచ్చారు. దానిని వ్యసనముల క్రింద కాక, ప్రేరణలను అదుపు చేసుకోలేని రుగ్మతల క్రింద చేర్చారు. అమెరికా మానసిక వైద్యుల సంఘము 2013లో వెలువరించిన డి.ఎస్.ఎమ్.-5లో జూదమును వ్యసనముల వరుసలో చేర్చారు గాని దీనిని చేర్చలేదు. కాబట్టి "వ్యసనము" అని మనము వాడుక భాషలో అంటున్నాము. అది తప్పు కాదు, కాని అది డాక్టరు నిర్ణయించిన మాట అన్నట్లు చెప్పకూడదు.

ఐ.సి.డి.-11లో మనకు మరీ ముఖ్యమైన ఒక మాట ఉంది. అదుపు తప్పిన స్థితి దీర్ఘకాలము, అనగా ఆరు నెలలు లేక అంతకు మించి సాగి, జీవితమును పాడుచేయుచుండాలి. కేవలము నైతికముగా ఇది తప్పు అనే మనోవేదన ఒక్కటే ఉంటే దానిని రుగ్మతగా లెక్కించరాదు. అమెరికా మనస్తత్వ పరిశోధకుడు జాషువా గ్రబ్స్, అతని తోటివారు 2019లో ప్రచురించిన వ్యాసములలో ఇదే విషయమును వివరించారు. భక్తిగల కుటుంబములలో పెరిగినవారు తక్కువగా చూచినా తాము బానిసలమని తలంచే అవకాశము ఎక్కువ, ఎందుకంటే చేసిన దానికిని నమ్మిన దానికిని మధ్య ఉన్న చీలిక వారిని అంతగా నలిపివేస్తుంది.

ఇది మన సంఘములలో నిత్యము జరిగేదే. ఇంటర్మీడియట్ చదివే పిల్లవాడు స్నేహితుని ఫోనులో రెండుసార్లు చూచి, తాను నాశనమైపోయానని ఏడుస్తూ వస్తాడు. అతనికి మానిన బాధ గూర్చిన పాఠము అక్కరలేదు. అతనికి కావలసినది పాపక్షమాపణ నిశ్చయత. "నీవు వ్యసనపరుడవు బాబూ" అని ముద్ర వేస్తే మనము లేని సంకెళ్ళు తొడిగినవారమవుతాము.

మానిన బాధ నిజముగా ఉన్నదా అనే ప్రశ్నకు పరిశోధన ఇస్తున్న జవాబు కూడా రెండు వైపులా ఉన్నది. 2022లో పోలండ్ దేశములో 1,541 మందిని ప్రశ్నించి చేసిన అధ్యయనములో, సమస్య తీవ్రముగా ఉన్నవారు ఆపుకోలేని తలంపులను, చిరాకును, మారే మనోభావములను, నిద్రలేమిని తరచుగా చెప్పుకున్నారు. 2023లో వెలువడిన వేరొక అధ్యయనములో, క్రమముగా చూచే విద్యార్థులను రెండు గుంపులు చేసి ఒక గుంపును ఏడు దినములు మానమన్నారు. మొత్తము మీద మానిన గుంపులో అటువంటి బాధలు ఎక్కువగా కనబడలేదు. ఈ రెండింటినీ కలిపి చదివితే మాకు అర్థమైనది, బాధ అందరికీ ఒకేలా రాదు, తీవ్రముగా లోబడినవారిలో వచ్చే అవకాశము ఎక్కువ. కాబట్టి "నీకు తప్పకుండా వస్తుంది" అని చెప్పక, "రావచ్చును, వస్తే భయపడకు" అని చెప్పుట క్షేమము. ఇరవై ఒక్క దినములలో పోతుందని, నలభై దినములలో పోతుందని, తొంభై దినములలో మెదడు క్రొత్తదవుతుందని కొందరు లెక్కలు చెప్తారు. అటువంటి గడువు ఏదీ రుజువైనది కాదు. నలభై అనే సంఖ్య మనకు బైబిలులో ప్రియమైనదే గాని, ఒక మనిషి నరములకు అది వర్తిస్తుందని లేఖనము ఎక్కడా చెప్పలేదు. నలభై ఒకటవ దినమున కోరిక లేస్తే ఆ లెక్క నమ్మినవాడు కూలిపోతాడు.

ఎందుకు బాధ కలుగుతుంది

ఈ అలవాటు మొదట కామముతో మొదలై ఉండవచ్చును. కాని సంవత్సరములు గడిచేకొద్దీ అది వేరే పని చేయడం మొదలుపెడుతుంది. పరీక్ష తప్పినప్పుడు, మేస్త్రీ తిట్టినప్పుడు, భార్యతో మాటామాటా వచ్చినప్పుడు, హాస్టలు గదిలో ఒంటరిగా ఉన్నప్పుడు, నిద్ర పట్టనప్పుడు అతడు దానిని మందులాగా వాడుకుంటాడు. గల్ఫ్ దేశములకు పనికి వెళ్ళి, నలుగురైదుగురు ఒకే గదిలో ఉండి, రెండేళ్ళకు ఒకసారి ఇల్లు చూచే మన కోనసీమ, కరీంనగర్ ప్రాంతముల సహోదరుల సంగతి దీనికి ఉదాహరణము. ఇప్పుడు ఆ మందు తీసివేస్తే ఏమి మిగులుతుంది? ఏ దుఃఖమునకు దానిని వాడుకున్నాడో ఆ దుఃఖమే మిగులుతుంది. మానిన బాధలో సగము క్రొత్త బాధ కాదు, ఇన్నాళ్ళు కప్పిపెట్టిన పాత బాధ.

మిగిలిన సగము అలవాటు పని. మెదడులో డోపమిన్ అనే రసాయనము ఉన్నది. ఇది సుఖమును అనుభవించేటప్పుడే కాదు, సుఖము రాబోతున్నదని గుర్తు కనబడినప్పుడు కూడా పనిచేస్తుంది. పడక, చీకటి, చేతిలో ఫోను, ఇంట్లోవారు నిద్రపోయిన నిశ్శబ్దము, ఇవన్నీ గుర్తులు. గుర్తు కనబడి సుఖము రానప్పుడు ఆ వెలితి తీవ్రముగా ఉంటుంది. అందుకే పగలంతా బాగున్నవాడు రాత్రి పదకొండు గంటలకు మరొక మనిషి అవుతాడు.

పితరుల సాక్ష్యము

ఇది సెల్‌ఫోనులతో వచ్చిన సంగతి అనుకోనక్కరలేదు. నాలుగవ శతాబ్దములో కాన్‌స్టాంటినోపిల్ నగరములో మంచి పేరున్న ఎవాగ్రియస్ అనే పరిచారకుడు ఒక వివాహిత స్త్రీ యెడల ఆకర్షణకు లోనై, అక్కడి నుండి పారిపోయి, చివరకు ఐగుప్తు ఎడారిలో సన్యాసిగా స్థిరపడ్డాడు. 399లో చనిపోయేవరకు అక్కడే ఉన్నాడు. అతని బోధలో కొంత భాగము ఒరిగెను సిద్ధాంతముతోపాటు ఆరవ శతాబ్దములో ఖండించబడినది గనుక అతని వేదాంతమును యథాతథముగా తీసుకోనక్కరలేదు. అయితే మానినవాని మనస్సును అతనంత దగ్గరగా చూచినవారు అరుదు. మధ్యాహ్నవేళ సన్యాసిని పట్టే ఒక స్థితిని అతడు వర్ణించాడు. సూర్యుడు కదలనట్లే ఉంటాడు, దినము సాగదు, గది మీద విసుగు, చేతిపని మీద విసుగు, సహోదరులలో ప్రేమ లేదనే తలంపు, ఇంకెక్కడికైనా పోతే బాగుండుననే ఆశ. గ్రీకులో దీనికి అకేదియా అని పేరు. మన యౌవనస్థుని తల్లి చెప్పిన మాటలను దీని ప్రక్కన పెట్టి చదివితే పోలిక కనబడుతుంది. ఎవాగ్రియస్ దీనిని విశ్వాసభ్రష్టత్వముగా లెక్కించలేదు. ప్రయాణములో ఒక మజిలీగా లెక్కించి, గది విడిచి వెళ్ళవద్దన్నాడు, దానిని ఓర్చుకొని దాటినవానికి ప్రశాంతత కలుగుతుందన్నాడు. తలంపులు వచ్చి మనలను కలవరపెట్టుట మన చేతిలో లేదు, అవి నిలిచిపోవుటయో నిలువకపోవుటయో మన చేతిలో ఉన్నదనే తేడాను కూడా అతడు స్పష్టము చేశాడు.

అగస్టీను సంగతి మరింత తెలిసినదే. 386లో మారుమనస్సు పొంది, 387లో బాప్తిస్మము తీసుకొని, హిప్పో సంఘమునకు బిషప్పు అయిన తరువాత వ్రాసిన తన ఒప్పుకోలు గ్రంథము పదవ భాగములో, పాత అలవాటు ముద్రించిన రూపములు ఇంకను తన జ్ఞాపకములో ఉన్నవనియు, మెలకువలో బలహీనముగా ఉన్న ఆ రూపములు నిద్రలో బలముతో వచ్చుచున్నవనియు దాచకుండా చెప్పుకున్నాడు. మారుమనస్సు పొంది పదేళ్ళు దాటినవాడు ఈ మాట వ్రాశాడు. మానిన మొదటి వారములలో కలలు ఎక్కువగా వచ్చి, తెల్లవారి సిగ్గుతో బల్లలో పాలుపొందకుండా ఉండిపోయే యౌవనస్థులు మన సంఘములలో ఉన్నారు. వారికి చెప్పవలసినది అగస్టీను చెప్పుకున్నదే. మేల్కొన్నప్పుడు మనస్సాక్షికి నెమ్మది తిరిగి వస్తుంది, కలలో జరిగినది మనము చేసినది కాదని తెలుస్తుంది.

సంఖ్యాకాండము పదకొండవ అధ్యాయము

మానిన బాధను లేఖనములో వెదకువారికి ఈ అధ్యాయమును మించినది లేదు. ఐగుప్తు విడిచిన జనులు అక్కడి చేపలను, కీరకాయలను, దోసకాయలను, ఉల్లిపాయలను, తెల్లగడ్డలను జ్ఞాపకము చేసుకొని ఏడ్చారు. ఇటుకలను జ్ఞాపకము చేసుకోలేదు, కొరడాను జ్ఞాపకము చేసుకోలేదు. కోరిక జ్ఞాపకమును ఎలా జల్లెడ పడుతుందో ఇక్కడ చూడగలము. చేపలు ఉచితముగా తిన్నామన్నారు, దాసులుగా తిన్నామనలేదు. ఇది బయలుదేరిన వారములో జరిగినది కూడా కాదు. సీనాయి నుండి మేఘము లేచినది రెండవ సంవత్సరము రెండవ నెలలో అని పదవ అధ్యాయము చెప్తుంది. అంటే ఐగుప్తు విడిచి సంవత్సరము దాటిన తరువాత ఈ ఏడ్పు వచ్చింది. సంవత్సరము బాగున్నవానికి కోరిక తిరిగి లేచినప్పుడు మనము ఆశ్చర్యపోకూడదు.

అయితే ఈ అధ్యాయమును మెత్తగా మాత్రమే చదవలేము. యెహోవా కోపము రగులుకొన్నది, పూరేళ్ళ తరువాత తెగులు వచ్చింది, ఆ చోటికి కిబ్రోతుహత్తావా, అనగా ఆశపడినవారి సమాధులు అని పేరు వచ్చింది. మరి మానినవాని కోరికను మనము బాధ అని ఎలా అనగలము, దేవుడు దానిని శిక్షించాడు గదా అని ఒక విద్యార్థి అడుగవచ్చును. న్యాయమైన ప్రశ్నే. ఇరువదవ వచనము కారణము చెప్తుంది. వారు తమ మధ్య ఉన్న యెహోవాను నిర్లక్ష్యము చేసి, ఐగుప్తు నుండి ఎందుకు వచ్చితిమని ఏడ్చారు. ఆకలి వేసినందుకు శిక్ష రాలేదు, విడుదలనే తప్పుపట్టినందుకు వచ్చింది. యాకోబు కూడా మొదటి అధ్యాయములో దురాశకు, అది గర్భము ధరించి కనిన పాపమునకు మధ్య ఎడము ఉంచాడు. ఆ ఎడములోనే మానినవాడు జీవిస్తున్నాడు. కోరికతో నలుగుతూ కాపరికి ఫోను చేసినవాడు విడుదలను తప్పుపట్టినవాడు కాదు.

ఆ అధ్యాయములో మనము తరచుగా దాటవేసే భాగము మోషే భాగము. జనుల ఏడ్పు విని అతడు తానే కుప్పకూలిపోయాడు, ఈ భారము ఒంటరిగా మోయలేను, నన్ను చంపివేయుమన్నాడు. దేవుడు ఇచ్చిన మొదటి జవాబు మాంసము కాదు, డెబ్బదిమంది పెద్దలు. కోరికతో ఏడ్చేవారిని ఒక్కడు మోయలేడు. మన సంఘములలో ఒప్పుకోలు విన్న కాపరి దానిని రహస్యముగా ఉంచాలి, సందేహము లేదు. అయితే ఒప్పుకున్నవాని అనుమతితో నమ్మదగిన ఒక పెద్దనైనా కలుపుకొనకపోతే రెండు నెలలలో కాపరి అలసిపోతాడు, అతని ఫోను ఎత్తడం మానేస్తాడు.

మొదటి వారములలో చేయవలసినది

మొదటి రాజులు పందొమ్మిదవ అధ్యాయములో ఏలీయా బదరీవృక్షము క్రింద చావు కోరినప్పుడు దూత మొదట ప్రసంగము చేయలేదు. నిద్రపోనిచ్చాడు, కాల్చిన అప్పమును నీళ్ళను ఇచ్చాడు, మరల నిద్రపోనిచ్చాడు, మరల తినిపించాడు. హోరేబులో మాట తరువాత వచ్చింది. ఇది చెప్పినప్పుడు మా తోటి కాపరులు కొందరు నొచ్చుకుంటారని తెలుసు గాని చెప్పక తప్పదు. మానిన మొదటి వారములలో ఉన్నవానికి ఏడు దినముల ఉపవాసము, శుక్రవారము ఆల్‌నైట్ ప్రేయరు నిర్ణయించుట చాలాసార్లు మేలు కంటె కీడు చేస్తుంది. ఉపవాసమును మేము తక్కువ చేయుట లేదు. ఆకలి, కోపము, ఒంటరితనము, అలసట, ఈ నాలుగు ఉన్నప్పుడే మానినవాడు బలహీనుడని వ్యసన విమోచన కేంద్రములన్నీ నేర్పుతాయి. అప్పటికే నిద్ర లేనివానికి ఒక రాత్రి నిద్ర తీసివేసి, అప్పటికే నీరసించినవానికి అన్నము తీసివేసి, తెల్లవారుజామున ఒంటరిగా ఇంటికి పంపితే ఏమి ఆశిస్తాము? ఆరు వారములు వేళకు తిని, వేళకు పడుకొని, సాయంకాలము ఒళ్ళు అలిసేలా పని గాని ఆట గాని చేయమనుట మంచిది. ఉపవాసము తరువాత చేయవచ్చును.

ఫోను రాత్రి పడకగదిలో ఉండకూడదు. అలారము కోసమని సాకు చెప్తారు, గడియారము కొనుక్కోమనాలి. దృశ్యములను అడ్డగించే యాప్‌లు కొంత సహాయము చేస్తాయి గాని, 2018 అక్టోబరులో కేంద్ర ప్రభుత్వము 827 సైట్లను నిలిపివేయమని ఆదేశించిన తరువాత కూడా చూడదలచినవారు దారులు వెదకుకున్న సంగతి అందరికీ తెలుసు. తాళము ఆలస్యము చేస్తుంది. ఆ ఆలస్యములో ఒక మనిషితో మాట్లాడే వీలు ఉండాలి, అదే తాళము యొక్క ఉపయోగము.

కోరిక లేచినప్పుడు ఏమి చేయాలి? అమెరికాలో వ్యసనములపై పనిచేసిన అలన్ మార్లాట్ కోరికను సముద్రపు అలతో పోల్చి బోధించేవాడు. అల లేస్తుంది, నిలుస్తుంది, దిగుతుంది. దానిని కొట్టనక్కరలేదు, దాని మీద తేలి ఉంటే చాలు. కోరికలో ఉన్నవానికి ఇది ఇక తీరేవరకు పెరుగుతూనే ఉంటుందని అనిపిస్తుంది, అది నిజము కాదు. లేచి వెలుతురులోనికి, మనుష్యులలోనికి రావాలి. ముఖము కడుక్కోవాలి, ఎవరికైనా ఫోను చేయాలి. ఇక్కడ ప్రార్థన గూర్చి ఒక మాట. 1987లో డేనియల్ వెగ్నర్ అనే మనస్తత్వ శాస్త్రజ్ఞుడు, తెల్ల ఎలుగుబంటిని తలచుకోవద్దని చెప్పిన విద్యార్థులకు అదే మాటిమాటికి మనస్సులోనికి వచ్చుటను చూపాడు. "ప్రభువా, ఆ దృశ్యము తీసివేయుము" అని గంటసేపు దాని గూర్చియే ప్రార్థించేవాడు ఆ గంటంతా దృశ్యము ఎదుటనే ఉంటాడు. ఒక్క వాక్యములో ప్రార్థించి లేచి, మరొకరి కొరకు విజ్ఞాపన చేయుట మేలు. ప్రార్థన మొద్దుబారినవానికి 88వ కీర్తన చదువమనవచ్చును. ఆ కీర్తన చీకటిలోనే ముగుస్తుంది, అయినను అది ప్రార్థనయే.

మత్తయి పన్నెండవ అధ్యాయములో ప్రభువు చెప్పిన ఊడ్చి అమర్చిన ఖాళీ ఇంటిని కూడా జ్ఞాపకము చేసుకోవాలి. రాత్రి రెండు గంటల కాలము అతనికి ఖాళీ అయినది. దానిలో ఏమి పెట్టబోతున్నాడో అడగాలి. వాక్యము చదువుతాను అని అందరూ చెప్తారు. రెండు గంటలు ఎవరూ చదవరు. తబలా నేర్చుకొనుట, తమ్ముళ్ళకు లెక్కలు చెప్పుట, ప్రొద్దున్నే లేచి తండ్రితో పొలము వెళ్ళుట, ఏదైనా పేరు పెట్టి చెప్పదగినది ఉండాలి.

సాక్ష్యము చెప్పించుటకు మాత్రము తొందరపడవద్దు. ఒప్పుకున్న మరుసటి ఆదివారమే మైకు ఇచ్చి, "విడుదల పొందాను" అనిపిస్తే, మూడవ వారములో కోరిక లేచినప్పుడు అతడు ఎవరికీ చెప్పుకోలేడు. సంఘమంతటి యెదుట చెప్పిన మాటే అతని నోరు మూయిస్తుంది.

పడినప్పుడు

కొందరు పడతారు. మార్లాట్ 1985లో జుడిత్ గోర్డన్‌తో కలిసి వెలువరించిన గ్రంథములో గమనించిన సంగతి ఏమనగా, ఒకసారి పడుట కంటె, పడిన తరువాత మనిషి తన గూర్చి చేసుకునే తీర్పే అతనిని పూర్తిగా పాత స్థితికి తీసుకొనిపోతుంది. "ఎలాగూ పోయింది, ఇక ఎంత చూచినా ఒకటే" అనే తీర్పు అది. ఒక రాత్రి తప్పు ఒక నెల తప్పుగా మారేది ఈ మాట దగ్గరే. కాబట్టి, "పడితే ఆ రాత్రే, లేదా తెల్లవారేలోగా నాకు చెప్పు" అని ముందుగానే మాట తీసుకోవాలి. చెప్పినప్పుడు ముప్పై దినములు వృథా అయ్యాయని అనవద్దు. ఆ ముప్పై దినములలో అతడు నేర్చుకున్నది ఎక్కడికీ పోలేదు. గలతీ ఆరవ అధ్యాయములో పౌలు వాడిన క్రియ విరిగిన ఎముకను సరిచేయుటకును, చినిగిన వలను బాగుచేయుటకును గ్రీకులో వాడేదే. ఎముక కట్టేవాడు మొదట గట్టిగా పట్టుకుంటాడు, అరవడు.

దిగులు రెండు వారములకు మించి ఎడతెగక ఉండుట, తిండి మానుట, బ్రతుకు మీద ఆశ లేదనుట కనబడితే అది కాపరి ఒక్కడు మోయవలసినది కాదు. కేంద్ర ప్రభుత్వము 2022 అక్టోబరులో ప్రారంభించిన టెలి మానస్ నంబరు 14416కు ఎప్పుడైనా ఫోను చేయవచ్చును, తెలుగులో మాట్లాడతారు. బెంగుళూరు నిమ్హాన్స్‌లో ఫోను, ఇంటర్నెట్ వ్యసనముల కొరకు 2014 నుండి ప్రత్యేక క్లినిక్ నడుస్తున్నది. చావు మాట ఎత్తినవానిని ఆ రాత్రి ఒంటరిగా ఉంచకూడదు. ఇక ఒప్పుకోలులో పసిపిల్లల దృశ్యముల ప్రస్తావన గాని, ఒక బిడ్డకు హాని జరిగిన సంగతి గాని బయటపడితే అది వేరే విషయము. బిడ్డకు హాని జరిగినట్లు తెలిసినవారు పోలీసులకు తెలియజేయవలెనని 2012 నాటి పోక్సో చట్టము శాసిస్తున్నది. కాపరి రహస్యము పేరుతో అక్కడ మౌనము వహించకూడదు.

భార్య గూర్చి, కాపరి గూర్చి

వివాహితుడు మానినప్పుడు అతని చిరాకంతా భార్య మీద పడుతుంది. ఆమె అప్పటికే గాయపడి ఉన్నది. "నీవే కాస్త సర్దుకుపోవాలమ్మా, అతడు పోరాడుతున్నాడు" అని మనము చెప్తే రెండు గాయములు చేసినవారమవుతాము. మొదటి కొరింథీ ఏడవ అధ్యాయమును ఆమె మీద ప్రయోగించుట అంతకంటె కఠినము. భర్త ఫోనుకు ఆమెను కాపలా పెట్టుట కూడా తగదు, భార్య పోలీసు కాదు. మానిన బాధ అతని కోపమునకు కారణము చెప్తుంది గాని, కోపపడే హక్కు ఇవ్వదని అతనికి స్పష్టముగా చెప్పాలి. ఆమె మాట్లాడుకొనుటకు కాపరి భార్యయో, సంఘములోని పెద్ద వయస్సు స్త్రీయో ఒకరు ఉండాలి.

ఇంతవరకు కాపరి వైద్యుని స్థానములో ఉన్నట్లే వ్రాశాము. కాని ప్రసంగము సిద్ధపరచుకొనుటకు అర్ధరాత్రి వరకు ఒంటరిగా ఫోను పట్టుకొని కూర్చునేది కాపరియే. అతడు లోబడితే ఎవరికి చెప్పుకోవాలి? పై అధికారికి చెప్తే బదిలీయో, పదవీచ్యుతియో. పెద్దలకు చెప్తే ఆదివారము పుల్పిటు పోతుంది, పాస్టరేటు ఇల్లు పోతుంది, పిల్లల చదువు ఆగుతుంది. కాబట్టి చెప్పడు. చెప్పకుండానే మానుటకు ప్రయత్నిస్తాడు, మానిన బాధ వచ్చినప్పుడు దానిని పరిచర్య అలసట అని పిలుచుకుంటాడు, ఇంట్లోవారి మీద కసురుకుంటాడు, మరల వెళ్తాడు. తన బదిలీ మీద గాని జీతము మీద గాని ఏ అధికారమును లేని ఒక వ్యక్తి, వేరే సంఘశాఖకు చెందిన విశ్రాంత కాపరియైనా సరే, ప్రతి కాపరికి ఉండాలి. సెమినరీ చివరి సంవత్సరములో ఉన్న విద్యార్థులకు ఇది సులువు. ఇంకా పుల్పిటు లేదు, పోయేది తక్కువ. అటువంటి ఒకరిని ఇప్పుడే వెదకి, నెలకు ఒకసారి కలిసి కూర్చొనుటకు మాట తీసుకొని, ఆ తరువాత మొదటి సంఘమునకు వెళ్ళుట మంచిది.